మేజర్ అల్లుడికి, తిరుమలగిరి నుంచి

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

ట్రైనింగ్ టీంతో ఆఫ్రికా వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నిన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్నవాళ్లని ఒక్క సైన్యంగా చేయాలట. నేను సుబేదార్‌గా రిటైరైనవాణ్ని. యూనిఫామ్‌లో ఉంటే నేనే నీకు సెల్యూట్ కొట్టాలి. మామయ్యగా చెప్తున్నా, విను.

వెళ్లగానే పరేడ్ గ్రౌండ్ చూడకు. జీతం ఎవరి చేతుల మీదుగా అందుతోందో చూడు. కమాండర్ జేబులోంచి డబ్బు తీసిస్తే సిపాయి కమాండర్ మనిషే అవుతాడు. రేపు ఆయన ఏ పార్టీ వైపు మొగ్గితే తుపాకీ అటు తిరుగుతుంది. కాంగోలో జీతాలు పైనుంచి కిందికి వచ్చేలోపే కరిగిపోయేవి. 2005లో వెళ్లిన యూరోపియన్ యూనియన్ బృందం జీతాలిచ్చే దారిని ఆర్డర్లిచ్చే దారి నుంచి విడదీసే పని పెట్టుకుంది. సైనికుల తలలూ లెక్కపెట్టించింది. మన దొంగ రేషన్ కార్డుల్లాగే అక్కడా లేనివాళ్ల పేర్లు బోలెడు!

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో నా మొదటి జీతం ఇంకా గుర్తుంది. బల్ల మీద నల్ల కంబళి, దాని మీద రిజిస్టర్. ఆఫీసర్ నోట్లు నా ముందే రెండుసార్లు లెక్కపెట్టి, సంతకం చేయించుకుని ఇచ్చాడు. నీది ఏ ఊరు, మీ నాన్న ఏ పార్టీ అని అడగలేదు. ఇప్పుడు బ్యాంకు ఖాతాలొచ్చాయి, ఇంకా నయం.

నా తప్పు ఒకటి చెప్తా. ఓసారి ఎన్నికల ముందు మా ఊరి నాయకుడొకాయన గోడ గడియారం ఇచ్చాడు, మధ్యలో పార్టీ గుర్తు. టైమ్ చూసుకోవడానికే కదా అని జవాన్లు భోంచేసే లంగర్‌లో తగిలించా. సాయంత్రానికి మా కమాండింగ్ ఆఫీసర్ సాబ్ దాన్ని దింపించి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు. మిగతా సర్వీసంతా ఆ మేకు కంటబడినప్పుడల్లా తల దించుకున్నా.

ర్యాంకుల దగ్గర గొడవ తప్పదు. అడవిలో కమాండర్‌గా బతికినవాడు హవల్దార్‌గా నిలబడడు. దక్షిణాఫ్రికా 1994లో ఏడు దళాలను కలిపినప్పుడు బ్రిటిష్ బృందాన్ని మధ్యవర్తిగా పెట్టుకుంది. ఆ కుర్చీ మీకూ పడొచ్చు. అప్పుడు భోజనానికి పిలిస్తే ఇద్దరి ఇంటికీ వెళ్లు, లేదా ఎవరింటికీ వెళ్లకు.

సైన్యమే పాలిస్తే తప్పేంటని అడుగుతారు. మన ఊరి సంగతి చెప్పు. 1948 సెప్టెంబరులో మేజర్ జనరల్ చౌదురి హైదరాబాద్‌కి మిలిటరీ గవర్నరయ్యాడు, 1949 ఆఖరుకల్లా దిగిపోయాడు, 1952లో జనం ఓటేశారు. ఆయన మంచివాడు కాబట్టే దిగాడనుకోకు. పగ్గం ఢిల్లీ చేతిలో ఉంది.

ఆవకాయ సీసా మీ అత్తయ్య సర్దింది, మూతకి టేప్ వేయించా. అక్కడ మొదటి జీతాల రోజు ఎలా గడిచిందో రాయి.

మామయ్య