1972 ఎంజీబీ కొనవచ్చా? ముందు కారు కిందికి వంగి చూడండి

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) అమ్మకానికి ఉందని, పెయింటు కొత్తగా వేశారని, 9,000 పౌండ్లు అడుగుతున్నారని, కొనవచ్చా అని మీరు అడిగారు. కొనవచ్చు. కానీ ఆ కొత్త పెయింటు అన్న మాటే నన్ను కాస్త భయపెట్టింది.

నేను కోవెంట్రీలో ఉంటాను. ఏడేళ్ల కిందట అచ్చం ఇలాంటిదే, ఎరుపు రంగు 1971 బండి కొన్నాను. అద్దంలా మెరుస్తోంది. అమ్మే ఆయన సెల్ఫ్ కొట్టగానే నా పని అయిపోయింది. మా నాన్నగారికి గుంటూరులో అంబాసిడర్ ఉండేది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఎంజీబీ 1798 సీసీ ఇంజను రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానివే. పొద్దున్నే వాకిట్లో వినిపించిన ఆ మోత ఇంగ్లండులో ఎవరి గరాజులోనో వినేసరికి, ఇక కారును చూడడం మానేసి నాన్నగారిని తలుచుకుంటూ నిలబడ్డాను. అరగంటలో 7,000 పౌండ్లకు బేరం తెగింది.

మొదటి వానాకాలంలోనే (ఇక్కడ అది ఏడాదిలో ఏ నెలైనా కావచ్చు) డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి ముద్దయింది. టింకరింగ్ చేసే ఆయన కారును పైకి లేపి, తలుపు కింద ఉండే సిల్‌ను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కారు. అప్పడాన్ని పొడిచినట్టు లోపలికి దిగబడింది. కుళ్లిపోయిన సిల్ మీద కొత్త రేకు కప్పి, పుట్టీ పూసి, రంగు వేసి నాకు అమ్మారు. రెండు వైపులా కోసి, కొత్తవి వెల్డింగ్ చేయించేసరికి మరో 4,200 పౌండ్లు అయ్యాయి.

అంత ఖర్చు ఎందుకంటే, అంతకుముందు వచ్చిన ఎంజీఏకు ఉన్నట్టు ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది. రోడ్‌స్టర్‌కు పైకప్పు కూడా లేదు కాబట్టి ఆ భారంలో ఎక్కువ భాగం సిల్స్ మీదే పడుతుంది. బయటి రేకు, లోపలి రేకు, అడుగున కోట బురుజుల అంచులాగా గాట్లు ఉండే ‘కాజిల్ సెక్షన్’ కలిస్తేనే ఒక సిల్. నీళ్లు కారిపోవడానికే ఆ గాట్లు. కింద పడుకుని టార్చి వేసి చూడండి. గాట్లు కనబడకుండా నున్నటి రేకు అడ్డంగా ఉంటే, నాకు జరిగిందే అక్కడా జరిగి ఉంటుంది. అయస్కాంతం తీసుకెళ్లండి, సిల్స్ మీద, ముందు రెక్కల (చక్రాల మీది మడ్‌గార్డుల) వెనక కొసన పెట్టి చూడండి, అతుక్కోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ. తర్వాత జాకీతో ఒక పక్క లేపి అటువైపు తలుపు తెరవండి. తలుపు పట్టేసినా, దాని వెనక అంచు దగ్గర సందు ఇరుకైనా బాడీ వంగుతోందని అర్థం.

ఇంజను గురించి ఎక్కువ బెంగ వద్దు. 1964 చివరి నుంచి వచ్చినవాటికి క్రాంక్‌కు (ఇంజను లోపల తిరిగే ప్రధాన ఇరుసుకు) 5 బేరింగులు ఉంటాయి, మొండిది, విడిభాగాలు చవక. బాగా వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్‌ఐకి పైన ఉండాలి, ఐడిలింగ్‌లో 15కు తగ్గకూడదు. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజను నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉందంటే 3, 4 గేర్లలో మీరే వేసి చూడండి, మాట మీద నమ్మవద్దు. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. వాటి కింది పెట్టెలు కూడా తుప్పు పడతాయి. ఇక కింగ్‌పిన్‌లకు (ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీళ్లకు) గ్రీజు పెట్టడం చాలామంది మరిచిపోతారు. ముందు చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది.

కాగితాల విషయం సులువే. 40 ఏళ్లు దాటింది కనుక రోడ్డు పన్ను ఉండదు. పెద్ద మార్పులు చేయని బండికి 2018 మే నుంచి ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదా అని ఏటా చేసే) పరీక్ష కూడా తప్పనిసరి కాదు. దీన్ని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు, నాకైతే ఇదే అనుమానం, ఎన్నేళ్లుగా ఎవరూ కింద చూడలేదన్నమాట. నంబరు ప్లేటు కొడితే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పాత ఎంఓటీ ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. అందులో సిల్ దగ్గర తుప్పు అని పదే పదే ఉండి, వెల్డింగ్ బిల్లు ఒక్కటీ చూపించలేకపోతే ఆ తుప్పు ఎక్కడికి పోయిందో ఆయన్నే అడగండి. బండి ఛాసిస్ నంబరు (నంబరు ప్లేటు మీది కాదు) జీహెచ్‌ఎన్5 అని మొదలవ్వాలి. జీహెచ్‌డీ అని ఉంటే అది పుట్టుకతో పైకప్పున్న జీటీ.

కొన్నాక పెట్రోలు విషయంలో ఒక్క జాగ్రత్త. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో ఇథనాల్ 10 శాతం దాకా ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. నేను ఈ5 (ఇథనాల్ 5 శాతానికి మించనిది) అని రాసి ఉన్న సూపర్ రకమే పోయిస్తాను.

సిల్స్ గట్టిగా ఉండి, పని చేసినప్పటి ఫొటోలు, బిల్లులు చూపిస్తే 9,000 నా లెక్కలో ఎక్కువ కాదు. జాకీ పెట్టనివ్వకపోతే ఇచ్చిన టీ తాగి వచ్చేయండి. వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి, అమ్మే ఆయన సెల్ఫ్ కొట్టకముందే కార్పెట్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి.