క్యాప్సూల్ ఎండోస్కోపీకి యాప్‌లో అప్పా? ముందు కార్డు తీర్చండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చిన్నపేగులో లింఫాయిడ్ హైపర్‌ప్లేసియా (రోగనిరోధక కణజాలం బొడిపెల్లా పెరగడం) ఉందన్నారు. గియార్డియాకు (పేగులో చేరే పరాన్నజీవి), హెచ్‌.పైలోరీకి (కడుపులో చేరే బ్యాక్టీరియా) మందులు వాడాను. ఇప్పుడు ఇమ్యునోగ్లోబులిన్ల (రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు) రక్తపరీక్ష, రూ.45,000 అయ్యే క్యాప్సూల్ ఎండోస్కోపీ (కెమెరా ఉన్న మాత్ర మింగించి పేగు చూసే పరీక్ష) చేయించమంటున్నారు. జీతం రూ.52,000, ఇంటి ఖర్చు రూ.30,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) రూ.8,000. కంపెనీ బీమా రూ.5 లక్షలు. పోయినసారి పరీక్షల రూ.28,000 క్రెడిట్ కార్డుపై ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. యాప్‌లో లక్ష అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దే వద్దు. కార్డు బాకీపై నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంటే పక్కన సిప్ నడపడం ఏం లెక్కండీ? సిప్ ఆపండి. మీ లెక్కలో ఇంకో రూ.14,000 ఎటు పోతోందో రాయలేదు. రెండూ కలిపితే నెలకు రూ.22,000. రెండు నెలల్లో కార్డు తీరిపోతుంది.

‘బీమా ఉందిగా’ అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మీ జబ్బులో ఖర్చంతా పరీక్షలది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే ఎండోస్కోపీ, బయాప్సీ, క్యాప్సూల్ కేవలం పరీక్ష కోసమైతే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. క్యాప్సూల్ పేగులో ఇరుక్కుని, అడ్మిట్ చేసి తీయాల్సి వస్తే అది వేరే సంగతి. ఓపీడీ కవర్ (అడ్మిట్ కాకుండా చేయించుకునే వైద్యానికి బీమా) ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి.

అందుకే మీకు అత్యవసర నిధి అందరికంటే పెద్దది కావాలి: ఆరు నెలల ఇంటి ఖర్చు రూ.1.8 లక్షలు, ఏడాది పరీక్షలకు రూ.73,000 (పోయినసారి అయిన రూ.28,000, క్యాప్సూల్ రూ.45,000 కలిపి). కార్డు తీరాక అదే రూ.22,000 వేస్తే ఏడాదిలో సమకూరుతుంది. అప్పటిదాకా సిప్ మాట ఎత్తకండి.

అంచనా బిల్లును విడగొట్టి రాయించుకోండి. పేగులో మూడుచోట్ల ముక్కలు తీసి మూడు సీసాల్లో పంపితే ల్యాబ్ చార్జీ మూడుసార్లు పడొచ్చు. హెచ్‌.పైలోరీ పోయిందో లేదో చూసే శ్వాస పరీక్షకు యాంటీబయాటిక్స్ ఆపి నాలుగు వారాలు, డాక్టర్‌ను అడిగి గ్యాస్ మాత్ర ఆపి రెండు వారాలు అవ్వాలి. తొందరపడితే క్రిమి ఉన్నా లేదని రావచ్చు, డబ్బు దండగ.

రక్తపరీక్ష ముందు చేయించండి. క్యాప్సూల్ కొన్ని నెలలు ఆగొచ్చా అని డాక్టర్‌నే అడగండి; బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా ఆగొద్దు. అప్పుడు పీఎఫ్ అడ్వాన్స్ లేదా బంగారంపై అప్పు, యాప్ మాత్రం కాదు.

సొంత పాలసీ తీసుకుంటే ఈ జబ్బు దాచకండి. ఈ జబ్బు ఖర్చు బీమా ఇవ్వడానికి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. అయినా సొంతది ఉండటం మంచిది; ఉద్యోగం పోతే కంపెనీ బీమా కూడా పోతుంది.

రక్తపరీక్షలో ఐజీజీ (ఇమ్యునోగ్లోబులిన్లలో ముఖ్యమైన రకం) బాగా తక్కువని తేలి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాల్సి వస్తే ఈ లెక్కలన్నీ మారతాయి. 60 కిలోల మనిషికి మూడు, నాలుగు వారాలకోసారి 24 నుంచి 36 గ్రాములు, ఏళ్ల తరబడి. మొదటి డోసుకు ముందే, డేకేర్ (రాత్రి ఆస్పత్రిలో ఉండకుండా చేసే చికిత్స) కింద ఖర్చు ఇస్తారా అని బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.