కొరడా కన్నా ముందు కాటా

అమ్మాయీ,

అమెరికాలో లూసియానా పత్తి తోటలోని బానిస మీద నువ్వు రాసిన కథ చదివాను. మొదటి పేజీలోనే కొరడా నాలుగుసార్లు మోగింది. నీ మనిషి ఏం తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో మాత్రం చివరిదాకా తెలియలేదు. ఒకచోట అన్నం వండించావు కూడా. అక్కడ కూడంటే మొక్కజొన్నే.

దాదాపు పన్నెండేళ్లు బానిసగా బతికి 1853లో బయటపడ్డ సాలమన్ నార్తప్ తన పుస్తకంలో ఆ తోటల లెక్కలన్నీ చెప్పాడు. ఆదివారం పొద్దున వారానికి సరిపడా ఇచ్చేది మూడున్నర పౌన్ల పంది మాంసం, అయిదారు కిలోల పిండి అయ్యే మొక్కజొన్న. ఉప్పు ఎప్పుడో చిటికెడు. రాత్రి పని దిగాక ఎవరి గింజలు వాళ్లే విసురుకుని, పిండి నీళ్లతో కలిపి, నిప్పుల్లో కాల్చి, బూడిద గీకి తినాలి. మర్నాటి మధ్యాహ్నానికీ అప్పుడే చేసి పెట్టుకోవాలి. పడక పన్నెండు అంగుళాల వెడల్పు పలక, అంటే నీ బల్ల మీది స్కేలంత. దిండు ఓ కట్టె. తెల్లారడానికి గంట ముందే బూర ఊదేవాళ్లు. నిద్రకు ఏం మిగులుతుందో కూడి చూడు. వెన్నెల్లో కబుర్లు తీసెయ్యి. నిండు వెన్నెలైతే చేలోనే ఉంచేవాళ్లు.

నీ కథకు గుండెకాయ జిన్నింగ్ షెడ్డు (పత్తి నుంచి గింజలు తీసే చోటు) దగ్గరి కాటా. రోజుకు 200 పౌన్ల పత్తి ఏరాలి. తక్కువ తూగితే దెబ్బలు. పదో ఇరవయ్యో ఎక్కువ తూగితే రేపటి కొలత అదే. బుట్ట బరువెక్కుతున్నకొద్దీ వాడి మనసులో ఏం జరుగుతుందో రాయి, కొరడా ఒక్కసారి చాలు.

అన్నమే కావాలంటే కథను దక్షిణ కరోలినా వరి మళ్లకు మార్చు. మంచి బియ్యం బజారుకు పోయేవి, వీళ్లకు మిగిలేవి నూకలు. అక్కడ పని పద్ధతే వేరు: మనిషికి రోజుకు పావు ఎకరం చొప్పున కొలిచి అప్పగించేవాళ్లు. ముగించగలిగితే మిగిలిన పొద్దు తన పెరటి మడికి. కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన మన కూలీలను మాత్రం ఇందులో కలపకు. వాళ్లు బానిసలు కారు, వాళ్ల ఒప్పందానికి గడువుండేది.

ఇక నీ మనిషి భార్యకు రాసే ఉత్తరం. దక్షిణ కరోలినాలో 1740 నుంచే బానిసకు రాత నేర్పడం నేరం. రాత వచ్చిన నార్తప్ కూడా మేపుల్ బెరడు మరిగించి సిరా చేసుకున్నాడు, బాతు ఈకతో రాశాడు. తాను నమ్మి చెప్పినవాడే యజమానికి చెప్పేయడంతో ఆ ఉత్తరాన్ని తన చేత్తోనే నిప్పులో వేశాడు. నీ మనిషి ఉత్తరం ఎవరి చేతికిస్తాడో ముందు తేల్చుకో.