పైపు ఊరుకుందంటే అనుమానించు

గుంటూరు, బ్రాడీపేట

అమ్మలూ,

కాకినాడ అవతల సముద్రంలో ఎఫ్‌పీఎస్‌ఓ మీద, అదే నూనె తీసి నిలవచేసే ఓడ మీద, కంట్రోల్ రూములో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పుకొచ్చింది. నాకూ ఛాతీ ఉబ్బిందిలే, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. 2024 జనవరిలో కృష్ణా-గోదావరి (కేజీ) లోతునీళ్లలో కొత్త బ్లాకు నుంచి చమురు మొదలైందని పేపర్లో చూసినప్పుడే, సముద్రం అడుగు నుంచి నూనె పైకి తెచ్చే అంత పొడుగు రైజరు పైపుల ముందు ఎవరి పిల్లలు కూర్చుంటారో అనుకున్నా. మన పిల్లే!

హెల్మెట్టు, లైఫ్ జాకెట్టు, హెలికాప్టర్ ట్రైనింగు వాళ్లే చెప్తారు, విను. నా బెంగంతా స్లగ్ గురించే, అంటే పైపులో నూనె, నీళ్లు ముద్దగా పేరుకుని ఒక్కసారే పైకి తన్నడం.

అడుగున పైపు రైజరు వైపు పల్లంగా ఉంటే నూనె, నీళ్లు మలుపులో నిలిచి దారి మూసేస్తాయి. గ్యాస్ వెనకాల ఇరుక్కుంటుంది. పది మీటర్ల నీటికి ఒక బార్ ప్రెషర్ అనుకో. ఎనభై మీటర్ల రైజరు నిండితే ఎనిమిది. గ్యాస్ అంత బలం కూడగట్టేదాకా పైన చుక్క రాదు, ఆ తర్వాత అంతా ఒక్కసారే కక్కుతుంది.

నాకది తెలియక కాదు, పుస్తకంలో చదివిందే. ముప్పై ఏళ్ల కిందట, పడమటి సముద్రంలో, తెల్లవారుజామున మూడున్నర. నూనె, నీళ్లు, గ్యాస్ విడదీసే సెపరేటరు ట్యాంకులోకి రాక తగ్గి తగ్గి ఆగిపోయింది. బావుల ప్లాట్‌ఫాం వాళ్లు రేడియోలో ప్రెషర్ ఎక్కుతోందన్నారు. పాపం దారి చాలట్లేదేమో అనుకుని, రైజరు పైన రాకని అదుపు చేసే చోక్ వాల్వ్ ఇంకాస్త తెరిచా. పక్క గదిలో ఇన్‌చార్జి పడుకునున్నాడు, లేపడానికి మొహమాటం. పది నిమిషాలు బానే ఉంది. అంతలో ప్యానెల్ మీద టీ గ్లాసు గలగలలాడింది. గ్లాసు పట్టుకున్నా, వెధవని, వాల్వ్ పట్టుకోకుండా! లెవెల్ అలారం మోగింది, దాని వెంటే ట్రిప్పు, మొత్తం దానంతటదే ఆగిపోయింది. గ్యాస్ తగలబెట్టే ఫ్లేరు మంటకి కిటికీ అద్దం ఎర్రబడింది. ఎవరికీ ఏం కాలేదు. మళ్లీ మొదలెట్టాక ఇన్‌చార్జి చోక్‌ని కొంచెం మూసి నొక్కి ఉంచాడు, పైపు నెమ్మదించింది. తిట్టలేదు. "లేపొచ్చుగా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

నొక్కితే ఉత్పత్తి తగ్గుతుందని పైవాళ్లు గొణుగుతారు. అందుకే ఇప్పుడు కంట్రోలరు పెడుతున్నారు. రైజరు అడుగు ప్రెషర్ చూస్తూ వాల్వ్‌ని అదే కదుపుతుంది, చేత్తో అయితే స్లగ్ లేచేంత తెరుపులోనూ పైపుని నిలకడగా ఉంచుతుంది. అడుగు సెన్సరు పోతే మాత్రం చిక్కే. పైన వాల్వ్ పక్కనుండే ప్రెషర్ ఒక్కదాన్నే నమ్మకు, అది ముందు ఎదురుదిక్కుకి కదిలి, తర్వాత అసలు దారికొస్తుంది. రైజరు అడుగునుండే సెన్సరు పనిచేస్తోందా అని చేరిన రోజే అడుగు. కొత్త పిల్లవి, నవ్వితే నవ్వనీ.

ఇక్కడ కుళాయి నీళ్లొచ్చే ముందు బుసకొడుతుంది. పెద్దమ్మ బిందె పెడుతుంది, నేను ఇప్పటికీ రెండడుగులు వెనక్కేస్తా.

ఇన్‌చార్జిని లేపడానికి మొహమాటపడకు. డ్యూటీ దిగాక భయమనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. మూడున్నరకి నేనెలాగూ మెలకువగానే ఉంటా.

పెదనాన్న