తాళం తీసినా పాడే స్టీరియో

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2005 మోడల్ శాంత్రో కొన్నాను. రెండు రోజులు తీయకపోతే మూడో రోజు సెల్ఫ్ కొట్టదు, కొత్త బ్యాటరీ వేసినా అంతే. స్టీరియో లాగి చూస్తే వెనకాల కాకిగూడు! కంపెనీ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) కోసేసి, వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టేశారు. తాళం తీసినా స్టీరియో పాడుతూనే ఉంటుంది, వెనక ఎడమ స్పీకర్ గరగరమంటుంది. వైరింగ్ మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. తప్పదా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అంత ఖర్చు అక్కర్లేదండీ. తాళం తీసినా పాడుతోందని రాశారు చూశారూ, బ్యాటరీ దొంగ చాలావరకు అక్కడే ఉన్నాడు. బయట కొనే డెక్‌లకు (స్టీరియోలకు) మామూలుగా పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి (స్టేషన్లు, టైమ్ గుర్తుండేది దాంతోనే), ఎరుపుకు తాళం తిప్పితేనే రావాలి. మీకు బిగించినవాళ్లు వెతుక్కునే ఓపిక లేక రెండిటినీ కలిపి ఒకే ముడి వేసుంటారు. నా పాత మారుతి 800లోనూ ఇదే కథ, రెండు బ్యాటరీలు మార్చాకగానీ ఆ టేపు విప్పాలని నాకు తట్టలేదు.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. టేపులన్నీ విప్పి (మన ఎండలకు జిగురు కారి చేతికంటుకుంటుంది), నల్లబడ్డ రాగిని మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించండి. కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, మైనస్ మళ్లీ పెట్టి, మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో ఉంచి, దాని నల్ల వైరు బాడీకి, ఎర్ర వైరు ఒక్కో కొసకూ తగిలించి చూడండి. ఎప్పుడూ 12 చూపించేది పసుపుకి, తాళం తిప్పితేనే చూపించేది ఎరుపుకి. కారు వైపు వైర్ల రంగు చూసి మాత్రం కలపొద్దు, డెక్ రంగులు డెక్‌వే.

గరగరకు నా అనుమానం, ఆ స్పీకర్ మైనస్‌ను బాడీకి ఎర్త్ చేసుంటారు. ఇప్పటి డెక్‌లు స్పీకర్ రెండు వైర్లలోనూ సిగ్నల్ పంపుతాయి, ఒకటి బాడీకి తగిలితే డెక్ లోపలి ఐసీ (స్పీకర్లను నడిపే చిప్) పోతుంది, కాబట్టి అది సరిచేసేదాకా పాటలు వద్దు. ఏ జత ఏ స్పీకర్‌దో తెలియాలంటే డెక్ నుంచి విడదీసిన వైర్లకు పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తగిలించండి, టప్‌మంటుంది. స్పీకర్ కోన్ (మధ్యలో కదిలే గరాటు) బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్.

మళ్లీ మైనస్ తీసేసి, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగిసే గొట్టం) వేయించండి. ఒక జత కప్లర్ కూడా పెట్టిస్తే రేపు డెక్ మార్చినా ఎవరూ వైర్లు కోయరు. ఫ్యూజ్ చోట రాగి పోగు చుట్టి ఉంటే పీకిపారేసి, డెక్ మీద రాసిన ఆంపియర్లదే వేయండి.

అంతా అయ్యాక తాళం తీసి, తలుపులు మూసి, మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, బ్యాటరీ మైనస్‌కూ దాన్నుంచి తీసిన కేబుల్‌కూ మధ్య మీటరును కలిపి పావుగంట ఆగండి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టారో, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే పర్వాలేదు. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ చూడండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో ఆ లైనులో ఇంకో దొంగ ఉన్నాడు.