టైప్ రేటింగ్ కోసం ప్లాట్ ఇప్పుడే అమ్మకండి

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. మహారాష్ట్రలో ఫ్లయింగ్ పూర్తి చేసి కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. 200 గంటలు దాటాయి, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఉన్నాయి. ఏడాదిగా ఇంట్లోనే ఉంటున్నాడు. చదువు కోసం చేసిన బ్యాంకు అప్పు అలాగే ఉంది. ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ చేయిస్తే పెద్ద ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం గ్యారంటీ అని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. 15 లక్షలకు పైనే అవుతుందట. ఇబ్రహీంపట్నం వైపు మాకున్న 200 గజాల ప్లాట్ అమ్మేయమంటారా? వేరే రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మంటోంది కానీ వాడికి ఇష్టం లేదు.
– ఒక తండ్రి, ఎల్బీనగర్

జవాబు: ప్లాట్ అమ్మకండి. ఏదో ఒక ఎయిర్‌లైన్ మీ అబ్బాయిని పరీక్షించి, ఎంపిక చేసి, ఆ మాట కాగితం మీద ఇచ్చేదాకా ఆగండి. ఇప్పటికే ఒక అప్పు నెత్తిన ఉన్న ఇంట్లో, ఉద్యోగం చేతికి రాకముందే ఇంకో 15 లక్షలు పెట్టమని నేను చెప్పలేను.

అసలు టైప్ రేటింగ్ అంటే ఏమిటో మీరు తెలుసుకోవాలి. లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఏ320 నడపడానికి వీల్లేదు. ఆ రకం విమానానికి విడిగా శిక్షణ తీసుకుని, దాన్ని లైసెన్సులో ఎక్కించుకోవాలి. ఇందులో చాలా భాగం సిమ్యులేటర్‌లోనే జరుగుతుంది. కానీ మీ అబ్బాయిలా తక్కువ గంటలున్న వాళ్లు తర్వాత అసలు విమానంలో కూడా ల్యాండింగులు చేయాలి. ఆ విమానాలుండేది ఎయిర్‌లైన్స్ దగ్గరే. ప్రయాణికులతో, ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని నేర్చుకునే దశ దాని తర్వాత వస్తుంది, అది పూర్తిగా ఎయిర్‌లైన్ చేతిలో పని. అంటే కన్సల్టెంట్ మీకు అమ్మేది మెట్లలో ఒకటి మాత్రమే. పిలుపు ఆలస్యమైతే సిమ్యులేటర్‌లో వచ్చిన చేతి అలవాటు పోతుంది, మళ్లీ డబ్బు కట్టి సానపెట్టుకోవాలి. పైగా ఏ రకం ఎంచుకోవాలన్నది కూడా ఒక పందెమే. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు బోయింగ్ 737 మీద ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే ఉద్యోగాల కోసం వరుసలో నిలబడ్డారు. డబ్బు కట్టి అదే రేటింగ్ చేసుకున్న కొత్త కుర్రాడిని అప్పుడెవరు చూస్తారు?

టైప్ రేటింగ్ ఉన్నవాళ్లనే పిలిచే ప్రకటనలు వస్తాయి, నిజమే. రేటింగ్ లేనివాళ్లను తీసుకుని, ఎంపికయ్యాక ఆ ఖర్చు పెట్టుకోమనేవీ వస్తాయి. మీరు ఎదురు చూడాల్సింది ఈ రెండో రకం కోసం. ప్లాట్ అవసరం వస్తే అప్పుడు రావచ్చు.

విమానాల ఆర్డర్ల లెక్కలు కూడా కన్సల్టెంట్ మీకు చూపించే ఉంటాడు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలు, ఇండిగో 500 విమానాలు ఆర్డర్ ఇచ్చిన మాట వాస్తవం. అయితే ఇండిగో ఆ 500 విమానాలు అందుకునేది 2030 నుంచి 2035 మధ్య. ఇంకో సంగతి, కొరత ఎక్కువగా ఉండేది కెప్టెన్లకు. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకే 1500 గంటలు ఉండాలి. 200 గంటలతో కో-పైలట్ సీటు కోసం ఎదురుచూసే పిల్లలు చాలామంది ఉన్నారు. 2025 డిసెంబర్‌లో పైలట్ల పని గంటలు, విశ్రాంతిపై వచ్చిన కొత్త డ్యూటీ నిబంధనల వల్ల ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయినప్పుడు పేపర్లన్నీ పైలట్ల కొరత అని రాశాయి. అది చదివి మీ అబ్బాయికి రేపే పిలుపు వస్తుందని అనుకోకండి.

ఇక ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన అవకాశం ఇదే, మీరేమో చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అబ్బాయికి ఎందుకు ఇష్టం లేదో ఊహించగలను. బ్యాచ్‌మేట్లు యూనిఫాంలో జెట్ ముందు నిలబడి ఫొటోలు పెడుతుంటే, ఎక్కడో ఎండలో చిన్న సెస్నా శిక్షణ విమానంలో కూర్చోవడం వెనకబడినట్టు అనిపిస్తుంది. జీతమూ తక్కువే. కానీ అక్కడ గంటలు పెరుగుతాయి, అదీ పైలట్ ఇన్ కమాండ్ గంటలు, అంటే విమానం బాధ్యత తనదే అయిన గంటలు. గంటకు ఇంత అని తను కట్టాల్సింది పోయి, తనకే వాళ్లు జీతం ఇస్తారు. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ రోజూ ఇంకొకరికి చెప్పేవాడు వాటిని మర్చిపోడు. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో ఇంట్లో ఏడాది కూర్చున్న కుర్రాడికీ, ఆ ఏడాది పాఠం చెప్పిన కుర్రాడికీ తేడా మొదటి కొన్ని ప్రశ్నల్లోనే బయటపడుతుంది.

అయితే కళ్లు మూసుకుని చేరమనను. ముందు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కావాలి, దాని ఖర్చు ఎవరిదో అడగండి. బాండ్ ఎన్నేళ్లు? ఎన్ని విమానాలున్నాయన్నది కాదు, ఇవాళ ఎన్ని ఎగురుతున్నాయి? నెలకు ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ నిజంగా ఎన్ని గంటలు ఎగిరాడు? ఇవి ఆఫీసులో అడిగితే సరిపోదు. ప్రస్తుతం అక్కడ పనిచేస్తున్న ఒకరిద్దరితో అబ్బాయి స్వయంగా మాట్లాడాలి.

అతని కాగితాలు కూడా ఒకసారి ముందేసుకుని చూడండి. క్లాస్ 1 మెడికల్, అంటే కమర్షియల్ పైలట్‌కు కావాల్సిన ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్, ఈ వయసులో ఏటా రెన్యూ చేయించాలి. బయట సరిగ్గా కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కూ ఏటా చెక్ ఉంటుంది. ఏడాదిగా ఇంట్లో ఉన్నాడంటే ఇవి గడువు తీరిపోయి ఉండొచ్చు. దరఖాస్తు తేదీ నాటికి ఇవి సరిగ్గా లేక అవకాశం పోగొట్టుకున్న పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ 15 లక్షల్లో చిన్న భాగం ఇక్కడ ఖర్చు పెట్టడం న్యాయం. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీలో కనీసం లెవెల్ 4 ఉండాలి, కానీ ఇంటర్వ్యూ, గ్రూప్ డిస్కషన్ దగ్గర అది చాలదు. మన పిల్లలు సబ్జెక్టు వచ్చి కూడా మాట దగ్గర తడబడతారు. రోజూ ఎవరితోనైనా ఇంగ్లిష్‌లో మాట్లాడే ఏర్పాటు చేసుకోమనండి.

ఏ320 తప్ప వేరేది వద్దనే పట్టుదల కూడా వదిలించండి. ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు నడిపే అలయన్స్ ఎయిర్, ఫ్లై91 లాంటి సంస్థల ప్రకటనలూ చూడాలి. ఇండిగోకూ ఏటీఆర్‌లు ఉన్నాయి. ఇద్దరు పైలట్ల కాక్‌పిట్‌లో, టైమ్‌టేబుల్ ప్రకారం ప్రయాణికులతో ఎగిరిన అనుభవానికి పెద్ద కంపెనీల్లో విలువ ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) మానేయాలంటే 6 నెలలు, కెప్టెన్ అయితే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. దానికి తోడు కంపెనీ బాండ్ ఉంటుంది. రెండూ చదివాకే సంతకం పెట్టాలి.

డిగ్రీ గురించి మీరు అడగలేదు. ఇంటర్ తర్వాత నేరుగా ఫ్లయింగ్‌కు వెళ్లి ఉంటే, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి చేర్పించండి. మెడికల్‌లో ఎప్పుడు ఏ ఇబ్బంది వస్తుందో చెప్పలేం, అప్పుడు చేతిలో ఇంకో దారి ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం చేస్తూనే ఇది పూర్తి చేయొచ్చు.

కన్సల్టెంట్ మళ్లీ ఫోన్ చేస్తే, ఆ గ్యారంటీ సదరు ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద రాయించి తెమ్మనండి. అది వచ్చేదాకా అడ్వాన్స్ అని కూడా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.