మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంది, ఊపిరి చాలట్లేదు అన్నావు. అందరూ టెన్షనే అంటున్నారన్నావు. టెన్షన్ కావచ్చు. కానీ నీ మందుల వైపు కూడా ఒకసారి చూడాలి.

పదేళ్ళ కిందట నాకు జరిగింది చెప్తాను. రైతుబజారు నుంచి ఇంటికొచ్చి గడప దగ్గర చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో పాదానికి తెలియనే లేదు. షుగర్ వల్లేనని ఒక డాక్టరు గారు మాత్రలు రాసి పంపేశారు. రెండో ఆవిడ మాత్రం నా మందులన్నీ టేబుల్ మీద పరిపించారు. పన్నెండేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఏళ్ళ తరబడి గ్యాస్‌కి పాంటోప్రజోల్. ఈ రెండూ నరాలకి అవసరమైన విటమిన్ బి12 ఒంటికి పట్టకుండా చేస్తాయట. పైగా మనది శాకాహారం. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక అరికాళ్ళ మంటలు తగ్గడానికి నెలలు పట్టింది. ఎడమ బొటనవేలు ఇప్పటికీ మొద్దుగానే ఉంది. ముందే పట్టుకుని ఉంటే అదీ మిగిలేది కాదేమో.

మైగ్రేన్‌కి నువ్వు వేసుకునేది టోపిరమేట్ కదా. వేళ్ళలో తిమ్మిరి దానికి బాగా తెలిసిన సైడ్ ఎఫెక్ట్. అంతే కాదు, అది కొందరి రక్తంలో, ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్‌ని తగ్గిస్తుంది. అప్పుడు రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దాన్ని సరిచేయడానికి ఒళ్ళే ఊపిరి వేగం పెంచుతుంది. అందుకే బైకార్బొనేట్ పరీక్ష గురించి డాక్టరుని అడుగు. మాత్ర మాత్రం నీ అంతట నువ్వు మానకు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. షాపులో అడిగి బి కాంప్లెక్స్ కొనుక్కుని వేసుకోకు. అందులో ఉండే విటమిన్ బి6 మోతాదు మించి చాలాకాలం వాడితే అదే నరాలని దెబ్బతీస్తుంది.

ఇక ఊపిరి సంగతి. మీ పెదనాన్న ఐసీయూలో ఉన్న రాత్రి, వరండాలో కూర్చున్న నాకు వేళ్ళు ముద్ద పట్టినట్టు ముడుచుకుపోయాయి, విప్పుదామన్నా రాలేదు. భయంలో గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, దాంతో రక్తంలో నరాలకి పనికొచ్చే కాల్షియం తగ్గుతుంది, నరాలు రెచ్చిపోతాయి. ఒక నర్సమ్మ పక్కన కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి, "నెమ్మదిగా వదలమ్మా, ఇంకా నెమ్మదిగా" అంటూనే ఉంది. పావుగంటకి వేళ్ళు విచ్చుకున్నాయి. ఎవరైనా కాగితం సంచిలో ఊపిరి తీయమంటే వినకు. గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో అసలు జబ్బుంటే అది ప్రమాదం.

ఇవాళే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. తిమ్మిరి ఎన్నింటికి వచ్చింది, రెండు వైపులా వచ్చిందా ఒకవైపేనా, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి, డోసు ఎప్పుడు పెంచారు, అన్నీ రాయి. నిమిషానికి ఎన్ని ఊపిరులో అల్లుడుగారిని లెక్కపెట్టమను, నీకు తెలియకుండా. మనమే లెక్కపెట్టుకుంటే ఊపిరి మారిపోతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు పన్నెండు నుంచి ఇరవై దాకా మామూలే.

మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పినా, మొద్దుబారడం పాదాల నుంచి పైకి పాకుతూ కాళ్ళు బలం తప్పినా, నోట్‌బుక్ పక్కన పడేసి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

డాక్టరు దగ్గరికి ఏ రోజో చెప్పు, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ